మానేసిన సంగతి స్టేటస్‌లో పెట్టాలా? మత్తు నుంచి బయటపడేవాళ్లు పేరు ఎందుకు దాస్తారంటే...

మందు మానేసి మూడు నెలలైన కుర్రాడు ఒకడున్నాడనుకుందాం. మీటింగ్‌లో అందరూ చప్పట్లు కొట్టారు, కేకు కోశారు, గ్రూప్ ఫొటో దిగారు. ఇంటికొచ్చే దారిలోనే ఆ ఫొటో వాట్సాప్ స్టేటస్‌లోకి ఎక్కింది. కింద "90 రోజులు, అల్‌హమ్దులిల్లాహ్" అని రాశాడు. సంతోషమే కదా, ఇందులో తప్పేముంది అనిపిస్తుంది. కానీ ఆ ఫొటోలో అతని వెనక నిలబడినాయన స్కూల్లో టీచరు. పక్కనున్నాయన కూతురికి సంబంధాలు చూస్తున్నాడు. పేరు బయటికి రాదన్న ఒక్క మాట నమ్మి ఆ గదిలోకి వచ్చిన మనుషులు వాళ్లు. స్టేటస్ 24 గంటల్లో పోతుంది కానీ ఎవరో తీసిన స్క్రీన్‌షాట్ పోదు.

పేరు చెప్పకూడదన్న ఈ కట్టుబాటు ఫోన్లు వచ్చాక పుట్టింది కాదు. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో ఇద్దరు కలిశారు. ఒకరు స్టాక్ మార్కెట్ పనులు చూసే బిల్ విల్సన్, ఇంకొకరు సర్జన్ డాక్టర్ బాబ్ స్మిత్. ఇద్దరూ తాగుడుకు బానిసలే, ఒకరికొకరు తోడై మానేశారు. అక్కడ మొదలైందే ఆల్కహాలిక్స్ అనానిమస్, పొట్టిగా ఏ.ఏ. మన దేశంలో 1957 నుంచి ఉంది, హైదరాబాద్‌లోనూ గ్రూపులున్నాయి. చేరడానికి ఫీజు లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. అనానిమస్ అంటేనే పేరు తెలియనివాళ్లు అని అర్థం.

మొదట్లో కారణం సింపుల్. తాగుబోతు అని తెలిస్తే ఉద్యోగం పోయేది, నలుగురిలో తలెత్తుకోలేకపోయేవాళ్లు. తర్వాత ఇంకో కారణం కనబడింది, అది ఇంకా లోతైనది. 1940లో క్లీవ్‌ల్యాండ్ బేస్‌బాల్ జట్టు ఆటగాడు రాలీ హెమ్‌స్లీ, తాను ఏ.ఏ. వల్లే తాగుడు మానేశానని పత్రికలకు చెప్పేశాడు. పేపర్లలో పేరు, ఫొటో వచ్చాయి. సంస్థకు మంచి ప్రచారమే దొరికింది. అది చూసి బిల్ విల్సన్ కూడా కొన్నాళ్లు తన పేరుతోనే పత్రికలకు ఎక్కాడు, తర్వాత అది పొరపాటని ఒప్పుకున్నాడు. పేపర్‌కెక్కినవాడు రేపు మళ్లీ తాగితే? "ఆ పద్ధతి పనిచేయదు" అని జనం అనుకుంటారు, మానాలనుకునే ఇంకొకడు ఆ గుమ్మం తొక్కడు. పైగా పేరు రుచి మరిగినవాడికి మానేయడం కంటే మానేసినట్టు కనబడటం ముఖ్యమైపోతుంది. అందుకే 1950లో క్లీవ్‌ల్యాండ్ మహాసభ ఆమోదించిన పన్నెండు సంప్రదాయాల్లో పదకొండోది, పత్రికలు, రేడియో, సినిమాల్లో సభ్యులు తమ పేరు బయటపెట్టకూడదని చెబుతుంది. టైమ్ పత్రిక ముఖచిత్రంగా వేస్తామన్నా విల్సన్ ఒప్పుకోలేదు. యేల్ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇస్తామన్నా వద్దన్నాడు.

ఆనాటి పత్రిక, రేడియోల స్థానంలో ఇవాళ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ ఉన్నాయి. అందరికీ కనబడే ఆన్‌లైన్ వేదికలకు కూడా అదే నియమం వర్తిస్తుందని ఏ.ఏ. తన మార్గదర్శకాల్లో చెబుతోంది. అయితే ఇక్కడ చాలామంది పొరబడతారు. ఇంట్లో భార్యకు చెప్పొద్దనో, డాక్టర్‌ దగ్గర దాచమనో దీని అర్థం కాదు. "నేను మందు మానేశాను" అని ఎవరికైనా చెప్పుకోవచ్చు. ఫలానా గ్రూపు సభ్యుణ్ణి అని పేరూ ఫొటోతో ప్రపంచం ముందు పెట్టొద్దన్నదే మాట. ఇక పక్కవాడి పేరు, వాడు మీటింగ్‌లో చెప్పుకున్న కథ ఎక్కడా ఎత్తకూడదు.

మన దీన్‌లో ఈ మాట కొత్తగా వినిపించదు. సాటి ముస్లిం లోపాన్ని కప్పినవాడి లోపాల్ని ఇహపరాల్లో అల్లాహ్ కప్పుతాడన్న హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. రాత్రి చేసిన పాపాన్ని అల్లాహ్ దాచిపెడితే, పొద్దున్నే లేచి దాన్ని తానే చాటుకునేవాడి గురించి గట్టి హెచ్చరిక బుఖారీలో ఉంది. "తౌబా స్టోరీ" పేరుతో, ఎక్కడ కొన్నాడు, ఎవరితో తాగాడు, ఎంత తూలాడు అని రీల్ చేసేవాళ్లు ఈ హదీసును ఒకసారి గుర్తు తెచ్చుకుంటే మంచిది. తాగి మళ్లీ మళ్లీ పట్టుబడిన ఒక వ్యక్తిని ఎవరో శపిస్తే, మహాప్రవక్త (స) వద్దని వారించి, అతనికి అల్లాహ్ మీద, ఆయన ప్రవక్త మీద ప్రేమ ఉందని చెప్పిన సంఘటన కూడా బుఖారీలోనే ఉంది. మొహల్లాలో వేలెత్తి చూపేవాళ్లకు ఇది తెలియాలి.

ఫోన్ ఎక్కడెక్కడ పట్టిస్తుంది?

వాట్సాప్ గ్రూపులో చేరితే మీ నంబరు అందులోని ప్రతి ఒక్కరికీ కనబడుతుంది. ప్రొఫైల్ ఫొటో "అందరికీ" అని పెట్టి ఉంటే ముఖం కూడా. గ్రూపులోంచి వెళ్లిపోయినా పాత సభ్యుల జాబితాలో 60 రోజుల దాకా కనబడతారు. ఫేస్‌బుక్ గ్రూపులో అనామకంగా పోస్ట్ పెట్టే వీలుంది కానీ అడ్మిన్లకు పేరు తెలుస్తుంది. జూమ్ మీటింగ్‌లో చాలామంది పూర్తి పేరుతో, ఒక్కోసారి ఆఫీసు పేరుతో సహా చేరిపోతారు, మార్చుకోవచ్చని తెలియక. ఫోన్‌లోని కాంటాక్ట్‌లను యాప్‌కు ఇచ్చేస్తే, గ్రూపులో పరిచయమైన మనిషిని ఫేస్‌బుక్ మీ బావమరిదికి "తెలిసినవారేనా" అని చూపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇంకో ముప్పు రోజుల లెక్కతో. 30, 60, 90 అని స్టేటస్‌లో లెక్క పెట్టుకుంటూ పోయినవాడు ఒకరోజు జారాడనుకోండి. ఈ జబ్బులో మళ్లీ జారడం మామూలే, డాక్టర్లూ అదే చెబుతారు. కానీ వందలమంది ముందు లెక్క చెప్పినవాడికి ఆ ఒక్కరోజును ఒప్పుకోవడం కొండంత పని. స్టేటస్ ఆపేస్తాడు, తర్వాత మీటింగ్‌కు రావడం ఆపేస్తాడు, చివరికి అబద్ధం మొదలవుతుంది. నాలుగు గోడల మధ్య పదిమందికే తెలిసి ఉంటే మరుసటి రోజే వచ్చి కూర్చునేవాడేమో.

పేరు పెట్టి మాట్లాడేవాళ్లందరూ తప్పు చేస్తున్నారని కాదు. ఏళ్లు గడిచాక, ఇంట్లోవాళ్లతో ఆలోచించుకుని బయటికొచ్చి చెప్పినవాళ్ల వల్ల ధైర్యం తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. తొందరపాటుతోనే సమస్య.

దుఆ అడిగినప్పుడు

నిజానికి మన ఇళ్లల్లో సంగతి బయటపెట్టేది కుర్రాళ్లకంటే ఎక్కువగా ఇంట్లో పెద్దలే. అమ్మీ ఏడుస్తూ ఖాందాన్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడుతుంది: "మా వాణ్ణి సెంటర్‌లో చేర్పించాం, నషా మానాలని దుఆ చేయండి." ఆ తల్లి మనసు తప్పుపట్టలేం. కానీ ఆ గ్రూపులో 80 మంది, వాళ్లలో సగం మంది ఫోన్లు పిల్లల చేతుల్లో. రెండేళ్ల తర్వాత వాడు బాగుపడి, రిష్తా మాట్లాడేటప్పుడు ఆ వాయిస్ ఎక్కడో తేలుతుంది. "బాబుకు ఆరోగ్యం బాగోలేదు, షిఫా కోసం దుఆ చేయండి" అంటే సరిపోతుంది. అందులో అబద్ధమేమీ లేదు, అది జబ్బే. మనసు విప్పి చెప్పుకోవాలంటే ఇంటివాళ్ల కోసమే అల్-అనాన్ అనే గ్రూపులు 1951 నుంచి ఉన్నాయి. అక్కడా పేరు బయటికి పోదన్నదే మొదటి మాట.

చట్టం సంగతి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక రుగ్మత కిందే లెక్కిస్తుంది. సెక్షన్ 23 చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు ఇస్తుంది. సెక్షన్ 24 ప్రకారం చికిత్సలో ఉన్న మనిషి ఫొటో గానీ వివరం గానీ అతని అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదు. పేషంట్లను వరసలో నిలబెట్టి ఫొటోలు పంచే సెంటర్‌ను తల్లిదండ్రులు ఇది చూపించి నిలదీయొచ్చు. అయితే ఏ.ఏ. లాంటి గ్రూపు ఆస్పత్రి కాదు, అక్కడి మాట నడిచేది నమ్మకం మీదే.

దాచకూడని సందర్భాలూ ఉన్నాయి. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణాల మీదికి రావచ్చు. చనిపోతానంటున్నా, ఇంట్లో కొడుతున్నా గోప్యత అని ఊరుకోవద్దు. మత్తు మానడానికి జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక సాయానికి టెలీ మానస్ 14416, రెండూ ఉచితం.

ఇప్పటికే పెట్టేసినవాళ్లు స్టేటస్ తీసేయండి. గ్రూపులో పంపిన మెసేజ్‌ను సుమారు రెండు రోజుల్లోపు "డిలీట్ ఫర్ ఎవ్రీవన్"తో తీయొచ్చు. గడువు దాటితే అడ్మిన్‌ను అడగండి, సభ్యుల మెసేజ్‌లు తీసే అధికారం ఆయనకు ఉంటుంది. ఫొటోలో ఇంకెవరైనా ఉంటే, బయటివాళ్ల ద్వారా తెలిసేలోపే మీరే ఫోన్ చేసి వాళ్లకు చెప్పండి.