ఇంట్లో నడిచిన స్క్రిప్ట్ బడిలో ఎందుకు ఆగింది?

తెలుగు చెప్పేవాళ్లకు కంప్యూటర్ ల్యాబ్‌లో ఏం పని అని మీరు అనుకోవచ్చు. ‘స్క్రిప్ట్’ అంటే మాకు లిపి. మా పిల్లలకేమో పైథాన్‌లో రాసిన ప్రోగ్రాం. ఈ రెండు స్క్రిప్టులకూ పొసగని రోజున పిల్లలు మమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు. బదిలీల మీద ఏ రాష్ట్రానికి వెళ్లినా మాకు మారకుండా వినిపించిన మాట ఒకటుంది: “టీచర్, ఇంట్లో నడిచింది, ఇక్కడ నడవడం లేదు.” వినడానికి ఇది నోటుబుక్కు ఇంట్లో మరిచిపోయానన్న సాకులాగే ఉంటుంది. చాలాసార్లు మాత్రం అక్షరాలా నిజం.

ఒక బడిలో పదకొండో తరగతి అమ్మాయి సామెతల ఫైలును చదివి, ఏ అక్షరంతో ఎన్ని సామెతలు మొదలవుతాయో లెక్కపెట్టే స్క్రిప్ట్ రాసింది. వాళ్లింట్లో ఉబుంటు, ల్యాబ్‌లో విండోస్. తరగతి ముందు నడిపించగానే తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. “ఎవరిదో కాపీ కొట్టి తెచ్చింది” అన్నారు వెనక బెంచీల వాళ్లు. ఆ పిల్ల లెక్క సరిగ్గానే ఉంది. అడ్డుపడింది మన కొమ్ము!

అదెలాగో చూద్దాం. కాగితం మీద ‘తెలుగు’ మూడక్షరాలు. యూనికోడ్‌లో గుణింతపు గుర్తులు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి కనుక ఆరు. ఫైలులో యూటీఎఫ్-8 పద్ధతిలో దాచినప్పుడు ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున పద్దెనిమిది. కొమ్ముకు ఆ మూడు సంఖ్యలు 224, 177, 129. ఉబుంటులో పైథాన్ ఫైలును యూటీఎఫ్-8గానే చదువుతుంది. మన దేశంలో ఇంగ్లీషులో వాడే విండోస్‌లో మాత్రం, వేరే చెప్పకపోతే, ఇప్పటికీ చాలా కంప్యూటర్లలో 1252 అనే పాత పట్టికను పట్టుకుని చదువుతుంది. పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన ఆ పట్టికలో అయిదు గడులు ఖాళీ. అందులో 129 ఒకటి. అక్కడికి రాగానే పైథాన్ ‘యూనికోడ్ డీకోడ్ ఎర్రర్’ అని ఆగిపోతుంది. పొల్లుకు చివరి సంఖ్య 141. అదీ ఖాళీ గడే. కొమ్మూ పొల్లూ లేకుండా తెలుగులో ఒక సామెత చెప్పండి చూద్దాం!

ఇంతకంటే ప్రమాదకరమైనది ‘కథ’ లాంటి మాట. దాని బైట్లన్నిటికీ ఆ పట్టికలో ఏదో ఒక గుర్తు ఉంది. కనుక ఎర్రర్ రాదు. ఆరు పిచ్చి గుర్తులు వస్తాయి, చివరిది జపాన్ వాళ్ల యెన్ గుర్తు. ఆగిపోయిన ప్రోగ్రాం కనీసం ఆగానని చెబుతుంది. ఇది తప్పుడు లెక్క చెప్పి ఊరుకుంటుంది. ఫైలు తెరిచే పంక్తిలోనే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాస్తే రెండు తిప్పలూ తప్పుతాయి. ఆ అమ్మాయి స్క్రిప్టుకు కావలసి వచ్చింది ఆ చిన్న ముక్కే.

రెండో చిక్కు వెర్షన్లది. స్క్రిప్ట్ ఉత్త పాఠ్యం. దాన్ని చదివి పని చేసిపెట్టేది ఆ కంప్యూటర్‌లో ఉన్న పైథాన్. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3లో పాత అలవాట్లు కొన్ని మారాయి. 5ను 2తో భాగిస్తే పైథాన్ 2 రెండు అనేది, పైథాన్ 3 రెండున్నర అంటుంది. పైథాన్ 2కు నిర్వహణ 2020 జనవరి 1తో ముగిసింది. ఇప్పుడు బడుల్లో తగిలేది వేరే తేడా. విండోస్ 7 ఉన్న పాత కంప్యూటర్‌లో పైథాన్ 3.8 దాటి ఎక్కదు. ‘మ్యాచ్’ అనే వాక్యం వచ్చింది 3.10లో. ఇంట్లో కొత్త ల్యాప్‌టాప్ మీద మ్యాచ్ వాడి రాసిన పిల్లవాడికి ల్యాబ్‌లో ‘సింటాక్స్ ఎర్రర్’ తప్పదు. ఫైలు మొదట్లో వెర్షన్ పరీక్ష పెట్టినా లాభం లేదు. పైథాన్ ఫైలంతా ఒకసారి చదివాకే మొదటి పంక్తిని నడుపుతుంది, చదవడంలోనే ఆగిపోతుంది. అందుకని పైన ఒక వ్యాఖ్యగా ‘ఇది 3.10లో రాశాను’ అని మనుషుల కోసం రాసిపెట్టడం మేలు. మార్కులు వేసే టీచర్లకూ అది కనబడుతుంది.

ఫైళ్ల పేర్ల సంగతి చిన్నదే. ఇంగ్లీషు పెద్దక్షరానికీ చిన్నక్షరానికీ విండోస్ పట్టింపు పెట్టుకోదు, లైనక్స్ పెట్టుకుంటుంది. సీ డ్రైవ్‌తో మొదలయ్యే చిరునామా మీ ఇంటి కంప్యూటర్‌ది. పక్కింట్లో ఆ ఫోల్డరే ఉండదు. స్క్రిప్టునూ ఫైలునూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి తెచ్చుకోండి.

ముప్పై మంది ఇళ్లలో ముప్పై రకాల కంప్యూటర్లు ఉంటాయి. అన్నీ ఒకేలా చేయడం ఎవరివల్లా కాదు. ల్యాబ్‌లో అన్నిటికంటే పాతది ఏదో కనుక్కుని, చూపించే రోజుకు ముందే దానిమీద ఒకసారి నడిపించండి. ఎర్ర అక్షరాలు వస్తే బెదిరిపోయి మూసేయకుండా చివరి పంక్తి చదవండి. సింటాక్స్ ఎర్రర్ అయితే ముందు వెర్షన్ చూడండి. మాడ్యూల్ దొరకలేదంటే ఇంట్లో ఎక్కించుకున్నది ఇక్కడ లేదన్నమాట. ఫైలు దొరకలేదంటే చిరునామా. యూనికోడ్ అన్న మాట కనబడితే తెలుగు స్టాఫ్‌రూముకు రండి.