నవధాన్యాల సంచిలో తెలియని గింజ ఉందా? చల్లే ముందు ఒక్కసారి చూసుకోండి



దాళ్వా కోతలయ్యాక, తొలకరికి ముందు నవధాన్యాలు చల్లుకోవడం ఇప్పుడు గోదావరి జిల్లాల్లో చాలామంది చేస్తున్నారు. ఇదివరకు మన డెల్టాలో జీలుగు, జనుము, పిల్లిపెసర మాత్రమే చల్లేవాళ్ళం. ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చాక 20, 30 రకాలు కలిపి వేస్తున్నాం. భూమికి ఎంతో మంచిది. కానీ రకాలు పెరిగేకొద్దీ సంచిలోకి మనకు తెలియని గింజ దూరే అవకాశమూ పెరుగుతుంది. ఒకరి దగ్గర చిరుధాన్యాలు, ఇంకొకరి దగ్గర నూనెగింజలు, సంతలో విడిగా అమ్మేవి, ఇలా చేతులు మారి వచ్చిన సంచిలో ఏముందో ఎవరికీ పూర్తిగా తెలియదు. లంక భూముల్లో అయితే వరద ఒండ్రుతో పాటే ఊరూ పేరూ లేని మొక్కలు లేస్తాయి.

వాటిలో చాలావరకు మామూలు కలుపే. పీకి ఆచ్ఛాదనగా పరిచేయొచ్చు. అలా తేలిగ్గా తీసుకోకూడనిది ఒకటుంది, గంజాయి.

గుర్తు పట్టడం ఎలా?

గింజ సుమారు జొన్నగింజంత ఉంటుంది. కోడిగుడ్డు ఆకారం, బూడిద కలిసిన గోధుమ రంగు, పైన పాలరాయి మీద ఉన్నట్టు సన్నటి గీతలు. మొక్క కాస్త ఎదిగాక ఒకే చోట నుంచి 5 నుంచి 7 సన్నటి రెక్కలు విచ్చుకుంటాయి. ప్రతి రెక్క అంచూ రంపపు పళ్ళలా ఉంటుంది.

అలా కనబడినదల్లా గంజాయి అని కంగారు పడకండి. నారకు పెంచే గోగు ఆకు కూడా చీలికలుగా, అచ్చం అలాగే కనిపిస్తుంది. అందుకే దాని శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్. అయితే గోగు ఆకు చీలికలు మొదట్లో కలిసే ఉంటాయి, పువ్వు బెండపువ్వులా ఉంటుంది. దశపర్ణి కషాయంలో వేసే వావిలి ఆకు అడుగుభాగం తెల్లగా ఉంటుంది. పెద్దాపురం వైపు వేసే కర్రపెండలం ఆకు అంచుకు రంపపు పళ్ళుండవు. ఇక జనుమును ఇంగ్లీషులో సన్ హెంప్ అంటారు. పేరులో హెంప్ ఉన్నా అది పప్పుజాతి మొక్క, గంజాయితో ఏ చుట్టరికమూ లేదు. గోగు, వావిలి, కర్రపెండలం ఆకులు పక్కపక్కన పెట్టి వీడియోలో చూపించాం, చూడండి.

చట్టం ఏమంటుంది?

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా గంజాయి మొక్క పెంచితే 10 ఏళ్ళ వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. "నేను వేయలేదండీ, అదే మొలిచింది" అంటే సరిపోదు. 35వ సెక్షన్ ప్రకారం ఆ ఉద్దేశం మనకు ఉందనే కోర్టు ముందుగా అనుకుంటుంది. లేదని నిరూపించుకోవలసింది మనమే. మన భూమిలో అక్రమంగా సాగవుతోందని తెలిసీ చెప్పకపోతే 46వ సెక్షన్ కింద అదీ నేరమే. చేను కౌలుకిచ్చి పట్నంలో ఉంటున్నవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇంకో మాట. 2021లో ఆహార భద్రతా సంస్థ హెంప్ గింజలను ఆహారంగా అనుమతించింది. ఉత్తరాఖండ్‌లో లైసెన్సుతో హెంప్ సాగు ఉంది. అవి చూసి "మనమూ నాలుగు గింజలు వేసి చూద్దాం" అనుకోవద్దు. తినడానికి అమ్మే అనుమతి వేరు, పొలంలో వేసే అనుమతి వేరు.

మనం చేయాల్సింది

- ఘనజీవామృతం, మట్టి, బూడిద పట్టించి గుళికలు కట్టాక ఏ గింజా గుర్తు పట్టలేం. కాబట్టి ముందే తెల్లగుడ్డ మీద పోసి చూసుకోండి.
- తెలియని గింజ కనబడితే చల్లకండి. రైతు సేవా కేంద్రంలో గానీ, కలవచర్ల, ఉండి కృషి విజ్ఞాన కేంద్రాల్లో గానీ చూపించండి.
- ఏ రకం ఎవరి దగ్గర, ఏ రోజు తీసుకున్నామో నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. రేపు మనకు అదే ఆధారం.
- చల్లిన 20, 25 రోజులకు చేనంతా ఒకసారి తిరగండి. జీలుగు నడుమెత్తు పెరిగాక లోపల ఏముందో కనబడదు.
- అనుమానపు మొక్క ఉంటే ఫోటో తీసి, పదిమందిలో చెప్పి, పోలీసులకో ఎక్సైజ్ వాళ్ళకో తెలియజేయండి. ఎండబెట్టడం, దాచడం, గింజ కట్టనివ్వడం అస్సలు వద్దు.

సొంత విత్తనం మన బలం. ఏ గింజ ఏదో తెలిసినప్పుడే అది సొంత విత్తనం అవుతుంది.