మరుగోళ్ళు – మన వానకాలపు ఆట



మన గోడపత్రికలో ఆటల గురించి రాయమంటే అందరం క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ గురించే రాస్తాం. ఈసారి నేను మన ఊర్ల ఆట గురించి రాస్తున్న. అదే మరుగోళ్ళు. రెండు వెదురు కట్టెలకు మెట్లు కట్టి, వాటి మీద నిలబడి నడవడమే ఈ ఆట. గోండి మాట్లాడే ఇండ్లల్ల కోడంగ్ అంటరు. మన హాస్టల్లో గోండులు, కొలాములు, పర్ధానులు, తోటీలు, నాయకపోడులు, లంబాడీలు అందరం ఉన్నం. ఒక్కొక్క ఇంట్ల ఒక్కొక్క పేరు ఉండొచ్చు. పేరు ఏదైనా ఆట ఒక్కటే. ఈ ఆట ఎట్ల ఆడాలె, దాని వెనుక ఉన్న సైన్సు ఏమిటి, అది మన హాస్టల్లకు ఎందుకు రావాలె అనేది ఈ వ్యాసంలో చెప్తాను.

వానకాలంలనే ఎందుకు?

ఎండకాలంల మరుగోళ్ళు ఎవ్వరూ ఎక్కరు. శ్రావణ మాసం వస్తేనే ఎక్కుతరు. దీనికి కారణం మన నేల. ఉట్నూర్ చుట్టుపక్కల చాలా ఊర్లల్ల నల్లరేగడి ఉన్నది. నల్లరేగడిల బంకమన్ను పాలు ఎక్కువ. వాన పడితే నీళ్ళు పీల్చుకొని ఉబ్బుతది, ఎండ కొడితే నెర్రెలు ఇస్తది. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే ఊరి బాటలు బురద, పశువుల పేడ కలిసి కాలు పెట్టరాకుండ అయితయి. ఆ బురదల రోజంతా నడిస్తే కాలివేళ్ళ సందులు తెల్లగ నాని మంట పుడ్తయి. బురదల ముండ్లు కనబడవు. చెడ్డ మట్టిల ఉండే కొంకి పురుగు పిల్లలు కూడా ఉత్త కాళ్ళ నుండే ఒంట్లకు పోతయని మనం పాఠంల చదువుకున్నం.

మరుగోళ్ళు ఎక్కితే కాలు నేలను తాకదు. ఈ ఇంటి నుండి ఆ ఇంటికి, వాగు గట్టు దాక, దోస్తుల దగ్గరికి కాలు తడవకుండ పోవచ్చు. అంటే ఇది ఆట మాత్రమే కాదు, చెప్పులు కూడా.

ఎట్ల తయారు చేయాలె?

ముందు వెదురు మంచిది చూసుకోవాలె. వెదురు చెట్టు కాదు, అది గడ్డి జాతి. వానకాలంల కొత్త పిలకలు పుడ్తయి. అవి మెత్తగ ఉంటయి, వాటిని ముట్టరాదు. మూడేండ్లు ముదిరిన వెదురు గట్టిగ ఉంటది. రెండు కట్టెలు ఒకే లావు ఉండాలె. పొడుగు మన తలకంటె కొంచెం ఎక్కువ ఉండాలె.

కింది కొసను కణుపుకు కొంచెం కింద కొయ్యాలె. ఎందుకంటే వెదురు లోపల డొల్ల. కణుపు దగ్గర మాత్రం అడ్డంగ మూత ఉంటది. ఆ మూత కొస దగ్గర ఉంటే గొట్టంలకు బురద ఎక్కదు. మూత లేకుంటే పది అడుగులు వేసేసరికి కట్టె నిండ బురద నిండి బరువైతది.

మెట్టును కూడా కణుపు మీదనే ఆనించి కట్టాలె. అప్పుడు కట్టు ఎంత వదులైనా మెట్టు కిందికి జారదు, కణుపు ఆపుతది. తాడు తడిసి ఎండితే వదులైతది కాబట్టి రోజూ పొద్దున గుంజి చూసుకోవాలె.

డొల్ల కట్టె మన బరువు ఎట్ల మోస్తది అని అడగొచ్చు. కట్టె వంగేటప్పుడు ఎక్కువ భారం దాని బయటి పొరల మీద పడ్తది, నడిమి భాగం మీద తక్కువ పడ్తది. వెదురుకు గట్టి నార ఎక్కువగ బయటి పొరలనే ఉన్నది. అందుకే తేలికగ ఉంటది, గట్టిగ కూడా ఉంటది. సైకిల్ ఫ్రేము గొట్టాలతోటి చేసేది కూడా ఇందుకే.

ఒక్క దగ్గర ఎందుకు నిలబడలేము?

కొత్తగ ఎక్కినోళ్ళు కదలకుండ నిలబడాలని చూస్తరు, పడిపోతరు. మన పాదాలు నేల మీద ఉన్నప్పుడు వాటి కింద కొంత వైశాల్యం ఉంటది. మన గరిమనాభి నుండి గీసిన నిలువు గీత ఆ వైశాల్యం లోపల పడినంత సేపు మనం పడిపోము. మరుగోళ్ళ మీద మనకు ఉన్నవి రెండు చిన్న కొసలే. రెండు కొసలను కలిపితే ఒక సన్నని గీత అయితది. గరిమనాభి ఆ గీత మీద నుండి ఇంత ముందుకు జరిగినా, వెనుకకు జరిగినా పడుడే. అందుకే తాతలు "నిలబడకు, తొక్కుతనే ఉండు" అంటరు. ముందుకు ఒరిగితే ముందుకు అడుగు వేయాలె, వెనుకకు ఒరిగితే వెనుకకు వేయాలె. సైకిల్ కూడా అంతే, ఆగితే పడ్తది.

అడుగు వేసేటప్పుడు కాలును, అదే దిక్కు చేతిని ఒక్కసారే లేపాలె. కాలిబొటనవేలు, దాని పక్కవేలు నడుమ కట్టెను పట్టుకోవాలె. చూపు కాళ్ళ మీద కాదు, ముందర నాలుగు గజాల దూరంల ఉండాలె.

బురదల కట్టె ఎందుకు దిగుతది?

నా బరువు 36 కిలోలు. ఒంటికాలి మీద నిలబడితే ఆ బరువు సుమారు 120 చదరపు సెంటీమీటర్ల పాదం మీద పడ్తది. చదరపు సెంటీమీటరుకు 300 గ్రాములు అన్నట్టు. 4 సెంటీమీటర్ల లావు కట్టె కొస సుమారు 12 చదరపు సెంటీమీటర్లు ఉంటది. అంటే చదరపు సెంటీమీటరుకు 3 కిలోలు. వైశాల్యం పదోవంతు అయితే పీడనం పది రెట్లు అయింది. అందుకే కట్టె పాదం కంటె లోతుకు దిగుతది. కాని కట్టె సన్నగ, నున్నగ ఉంటది కాబట్టి నిటారుగ గుంజితే వచ్చేస్తది. పక్కకు ఊపి గుంజితే మాత్రం రాదు, మనమే వంగుతం. లోతు బురద కనబడితే చుట్టు తిరిగి పోవుడే తెలివి.

కుక్కలు, ఎడ్లు

మరుగోళ్ళు ఎక్కిన మొదటి రోజు మన సొంత కుక్కనే మన మీద మొరుగుతది. కుక్క మనిషిని వాసనతోటి, ఆకారంతోటి, నడకతోటి గుర్తు పడ్తది. మరుగోళ్ళ మీద ఆకారం మారింది, నడక మారింది. పేరు పెట్టి పిలిస్తే గొంతు ఆనవాలు పట్టి తోక ఊపుతది. రెండు రోజులైతే అలవాటు పడి మన వెంటనే ఉరుకుతది.

ఎడ్లతోటి మాత్రం జాగ్రత్త. ఎద్దుకు కండ్లు తలకు పక్కల ఉంటయి కాబట్టి చుట్టూ చాలా దూరం కనబడ్తది గాని, సరిగ్గ వెనుక ఉన్నది కనబడదు. వెనుక నుండి టక్కు టక్కు మని పోతే బెదిరి తంతది. పశువుల దగ్గరికి పోయేటప్పుడు దిగి నడవాలె.

పోలాల పండుగ మరునాడు

శ్రావణ మాసం చివరి అమావాస్య నాడు పోలాల పండుగ వస్తది. కోస్తా జిల్లాలల్ల పోలాల అమావాస్య నాడు తల్లులు పిల్లల క్షేమం కోసం కంద మొక్కకు పూజ చేస్తరు. మన ఆదిలాబాద్ దిక్కు, పక్కన మహారాష్ట్రల ఇది ఎడ్ల పండుగ. ఆ రోజు ఎడ్ల మెడ మీద కాడి పెట్టరు. వాగుల కడిగి, కొమ్ములకు రంగు వేసి, మంచి తిండి పెట్టి, సాయంత్రం ఊరంతా ఎడ్లను గుడి చుట్టు తిప్పుతరు. దుక్కి, కలుపు పని చేసి అలసిన పశువుకు మనం చెప్పే దండం అది.

ఆ మరునాడు మరుగోళ్ళకు ఆఖరి రోజు. మా ఊర్లె పొద్దున్నే పిల్లలు, పెద్దలు "జాగేయ్, జాగేయ్" అని కేకలు వేసుకుంట పొలిమేర దాక పోతరు. మరుగోళ్ళను అక్కడ విరిచి వదిలి వస్తరు. వాటితోటి ఊరి రోగాలు, పీడలు పోవాలని పెద్దల నమ్మకం. నాకు ఇంకొక సంగతి కూడా తోస్తది. నెల రోజులు బురదల నానిన వెదురు కొస మెత్తబడి, పగులు ఇచ్చి ఉంటది. దాన్ని దాచి వచ్చే ఏడు ఎక్కితే విరిగి దెబ్బ తగుల్తది. ఏటేటా కొత్తవి చేసుకోవాలె అంటే ఏటేటా చిన్నోళ్ళు చేసుడు నేర్చుకుంటరు.

ఈ పండుగ ఒక్కొక్క ఏడు ఒక్కొక్క తేదీన వస్తది. 2023ల అధిక శ్రావణం రావడంతోటి సెప్టెంబర్ 14కు జరిగింది. 2024ల సెప్టెంబర్ 2న వచ్చింది. కారణం, చంద్రుని లెక్క ఏడాదికి 354 రోజులే.

వేరే చోట్ల

ఛత్తీస్‌గఢ్‌ల కూడా పిల్లలు హరేలి పండుగ నుండి పోలా దాక ఇట్లనే నడుస్తరు, అక్కడ గేడి అంటరు. ఇంకా దూరం పోతే ఫ్రాన్స్ దేశంల లాండ్ అనే ప్రాంతం ఉన్నది. నూటయాభై, రెండువందల ఏండ్ల కింద అక్కడ నేల చిత్తడిగ ఉండేది. గొర్ల కాపరులు పొద్దంతా కట్టెకాళ్ళ మీదనే ఉండేటోళ్ళు. అలసిపోతే మూడో కట్టెను వెనుక ఆనించి దాని మీద కూర్చునేటోళ్ళు. పైన చెప్పిన గరిమనాభి లెక్కనే ఇది. రెండు కొసలతోటి గీత, మూడు కొసలతోటి త్రిభుజం. త్రిభుజం మీద కదలకుండ కూర్చోవచ్చు. ఆ ప్రాంతపు సిల్వాన్ డోర్నోన్ అనే ఆయన 1891ల పారిస్ నుండి మాస్కో దాక కట్టెకాళ్ళ మీద 58 రోజులల్ల నడిచిండు. 1857ల చట్టం చేసి ఆ నేల నీళ్ళను కాలువలతోటి తీసేసి పైన్ చెట్లు పెట్టిండ్రు. గొర్లు తగ్గినయి, కట్టెకాళ్ళు కూడా పని నుండి పోయినయి. ఇప్పుడు అక్కడ పండుగలల్ల, ప్రదర్శనలల్లనే కనబడ్తయి.

మన హాస్టల్ల ఎందుకు?

మిత్రులారా, ఒక్కటి ఆలోచించండి. ఈ ఆటను పెద్దోళ్ళు మనకు నేర్పలేదు. పదేండ్ల అన్న ఏడేండ్ల తమ్మునికి నేర్పిండు. ఆ అన్న, ఆ తమ్ముడు ఇద్దరూ ఇప్పుడు హాస్టల్లనే ఉన్నరు. జూన్‌ల మనం ఇక్కడికి వస్తం, శ్రావణమంతా ఇక్కడనే గడుస్తది. చదువు కోసం వచ్చినం, అది మంచిదే. కాని ఊర్ల నేర్పేటోడు లేడు, నేర్చుకునేటోడు లేడు. మూడో తరగతి తమ్ముళ్ళను అడిగితే సగం మందికి మరుగోళ్ళు ఎక్కరాదు. బురద పోలేదు, వెదురు పోలేదు, పిల్లలే అక్కడ లేరు.

అందుకే వార్డెన్ సారును కోరేది ఏమంటే, శ్రావణంల ఆదివారం సాయంత్రం ఒక గంట మన గ్రౌండుల మరుగోళ్ళకు పర్మిషన్ ఇవ్వాలె. పడ్తరని భయం వద్దు. ఈ నియమాలు మేమే పాటిస్తం.

1. మెట్టు ఎత్తు మోకాలు దాటొద్దు. చిన్నోళ్ళకు జానెడు చాలు.
2. ఎక్కేముందు ఒక పెద్ద విద్యార్థి తాళ్ళు, కొసలు చూడాలె.
3. రాళ్ళు, సిమెంటు గచ్చు ఉన్న దగ్గర ఎక్కొద్దు. గడ్డి ఉన్న మెత్తని నేల మీదనే.
4. పడేటట్టు అయితే కట్టెలు వదిలేసి ముందుకు దునకాలె. కట్టెలు పట్టుకొని పడితేనే దెబ్బ తగుల్తది.
5. నెట్టుడు, పందెం మొదటి రెండు వారాలు వద్దు.

మా ఊర్లె మగపిల్లలే ఎక్కువ ఎక్కుతరు. కాని గరిమనాభికి ఆడ, మగ తేడా తెల్వదు. చెల్లెండ్ల హాస్టల్‌కు కూడా ఇదే పర్మిషన్ ఇవ్వాలని మనవి.

పోలాల మరునాడు మరుగోళ్ళన్నీ గ్రౌండు చివర ఒక్క దగ్గర పెట్టి, మళ్ళ వచ్చే ఏడు కొత్తవి చేసుకుందాం. అప్పుడు చేసేది మేము కాదు, ఈ ఏడు నేర్చుకున్న తమ్ముళ్ళే.

– 9వ తరగతి విద్యార్థి