గోదావరి గట్టున మూడు శాసనాలు

ఆర్మూరు పసుపు పేరు వినని తెలుగు వంటిల్లు అరుదు. ఆ పసుపు పండే సీమలోనిదే నిజామాబాదు జిల్లా ఏర్గట్ల. ఈ మండలానికి ఉత్తరాన గోదావరి పారుతుంది. ఆ నీటిని, నీటి ఒడ్డున మేసే జంతువులను, పాతకాలపు కట్టడాలను గురించి పార్లమెంటు వేర్వేరు శాసనాలు చేసింది. అవి మన గడప దాకా ఎంతవరకు వచ్చాయో చూద్దాం.

మొదటిది జలమార్గాలది. భద్రాచలం నుంచి రాజమహేంద్రవరం దాకా గల గోదావరిని 2008లో నాలుగవ జాతీయ జలమార్గంలో చేర్చారు. 2016 నాటి చట్టం దేశంలో మొత్తం 111 జలమార్గాలను ప్రకటిస్తూ, దీనిని ఎగువన నాసిక్ వరకు పొడిగించింది. అంటే ఏర్గట్ల పొలిమేరలోని గోదావరి కూడా చట్టరీత్యా జాతీయ జలమార్గమే! కాని ఎగువన పోచంపాడు వద్ద, 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆనకట్ట 42 గేట్లతో ఏటికి అడ్డంగా నిలిచి ఉన్నది. పేరైతే వచ్చింది గాని, సరుకుల పడవ రాలేదు.

రెండవది వన్యప్రాణులది. 1972లో ఈ చట్టం చేయవలసిందని పార్లమెంటును కోరిన 11 రాష్ట్రాలలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పోచంపాడు జలాశయంలో నీరు తగ్గినప్పుడు బయటపడే పచ్చిక బయళ్లలో కృష్ణజింకలు మందలుగా మేస్తుంటాయి. 2022 సవరణ తరువాత కూడా ఇవి మొదటి షెడ్యూలులోనే ఉన్నాయి. పైరు మేసిందన్న కారణంతో ఈ జింకను చంపడానికి ఏ అధికారీ అనుమతి ఇవ్వజాలడు. జింక బతకవలసిందే, సందేహం లేదు. అయితే చేను పోయిన రైతుకు పరిహారం సకాలంలో అందకపోతే, దేశమంతా మెచ్చుకునే జింకను ఒక్క ఇంటివారు పోషించినట్లవుతుంది.

మూడవది ప్రాచీన కట్టడాలది. 1958 చట్టం జాతీయ ప్రాముఖ్యం కలవిగా ప్రకటించిన, నూరేళ్లకు తక్కువ కాని కట్టడాలను కాపాడుతుంది. 2010 సవరణ వాటి చుట్టూ 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణాలను నిషేధించింది. తెలంగాణ 2017లో తన వారసత్వ చట్టాన్ని తాను చేసుకున్నది. ఏ పట్టికకూ ఎక్కని ఊరి గుడికీ, కోనేటికీ మాత్రం ఊరివారే దిక్కు.

ఇకమీదట ‘బిల్లు ఆమోదం పొందినది’ అన్న వార్త కనిపిస్తే అక్కడితో పత్రిక మడిచి పెట్టకండి. అమలుకు డబ్బు ఎవరిస్తారు, నష్టం ఎవరు భరిస్తారు అన్నది కూడా వెదకి చదవండి.