మిగిలిన అన్నము: శేషమా, ఉచ్ఛిష్టమా?

కార్తికమాసమున మన పాలకొల్లు క్షీరారామమునకు వచ్చు యాత్రికులలో అనేకులు పంచారామములను ఒక్కదినముననే సేవింప సంకల్పించి బస్సులలో బయలుదేరుదురు. అమరావతి, భీమవరము దర్శించి ఇచ్చటికి వచ్చి, పిదప ద్రాక్షారామమునకు, సామర్లకోటకు వెళ్ళుదురు. త్రోవలో బస్సు ఆలస్యమైనచో మధ్యాహ్నమునకు రావలసినవారు సాయంకాలమునకు చేరుదురు. వారికై వండిన అన్నము మిగులును. కావున అన్నము వ్యర్థమగుటకు అశ్రద్ధ ఒక్కటియే కారణము కాదు. వచ్చువారి వేళయు లెక్కయు తెలియకపోవుటయు కారణమే.

మిగిలినదంతయు ఒక్కటి కాదు. ‘శేషము’, ‘ఉచ్ఛిష్టము’ అను రెండు పదములును ‘శిష్’ అను ధాతువునుండియే పుట్టినవి. అయినను వడ్డింపక గుండిగలోనే నిలిచినది శేషము. విస్తరిలో విడిచినది ఉచ్ఛిష్టము, అనగా ఎంగిలి. మొదటిది మరియొకని ఆకలి తీర్చును, రెండవది తీర్చదు. ఈ భేదము తెలిసినచో ఎవరి కర్తవ్యమేదో తెలియును.

ఎంగిలిని తగ్గించుట తినువానివలనను వడ్డించువానివలనను కావలసిన పని. మొదట కొద్దిగా వడ్డించి, అడిగినకొలది మారు వడ్డింపవలెను. ఇంటియందును ఇదియే నియమము. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగము 2024లో ప్రకటించిన లెక్కప్రకారము, 2022లో ప్రపంచమున తొక్కలు మొదలగువానితో కలిపి 105 కోట్ల టన్నుల ఆహారము వ్యర్థమైనది. అందు నూటికి 60 పాళ్ళు గృహములలోనిదే.

శేషమును కాపాడుట మాత్రము వంటశాల, ఊరు, దేశము కలిసి చేయవలసిన పని. వంటశాలలో అంతయు ఒక్కసారి వండక, జనమును చూచి వాయివాయిగా వండవలెను. కోనసీమలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళకాని వేళ వచ్చిన బాటసారులకును వండి పెట్టిరని ఈ ప్రాంతమంతయు నేటికిని చెప్పుకొనును. ఆమె కీర్తికి మూలము గుండిగల సంఖ్య కాదు, తీరిన ఆకలి.

మిగిలినదానిని చెడకముందే ఆకలిగొన్నవారికి చేర్చుటకు ఊరివారి సహాయము కావలెను. హైదరాబాదు నగరపాలక సంస్థ 2019లో ‘ఫీడ్ ది నీడ్’ పేర వీధులలో ఫ్రిజ్‌లు పెట్టించి, మిగులు ఆహారము పేదలకు అందు మార్గము చూపినది. ఎంగిలి విస్తళ్ళను సైతము తడిచెత్తగా వేరుచేసి ఇచ్చినచో పురపాలక సంఘము ఎరువు చేయగలదు.

అయితే చెడిన అన్నము పెట్టుట దానము కాదు, అపకారము. అందువలననే భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ మిగులు ఆహారమును సేకరించి పంచుటకు 2019లో నిబంధనలు చేసినది. పంచు సంస్థలు నమోదై యుండవలెను. సురక్షితమైన ఆహారమునే పంచవలెను. ఊరు చేయు సేవకు దేశము ఇచ్చిన కట్టుబాటు ఇది.

దాతలకు, యాత్రికులకు ఒక్క విన్నపము. అందరును కార్తిక సోమవారముననే అన్నదానము కోరినచో ఆనాడు మిగులును, తక్కిన దినములలో కొరత కలుగును. సామాన్య దినమున చేసిన దానమునకును ఫలము తక్కువ కాదు. బస్సులలో వచ్చువారు ఎందరు, ఎన్ని గంటలకు వచ్చెదరో ముందుగా ఫోనులో తెలుపుడు. ఆ ఒక్క మాటతో ఎసటిలో పోయవలసిన బియ్యము లెక్కకు వచ్చును.