టాప్-డౌన్ ఫర్లర్‌తో స్పినాకర్: తాడు లాగితే చుట్టుకుంటుందన్నారు, మాకు మొదటిసారి చుట్టుకోలేదు

ఈ సైట్‌లో నేను రాసేవి ఎక్కువగా ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించే. ఈసారి రివ్యూ చేస్తున్న వస్తువుకి చార్జింగ్ పోర్ట్ లేదు, యాప్ లేదు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ రాదు. ఒక డ్రమ్, రెండు స్వివెల్స్, రెండు తాళ్లు, అంతే. కానీ ఈమధ్య నేను వాడిన గ్యాడ్జెట్లన్నిటిలో నన్ను బాగా భయపెట్టింది ఇదే. తర్వాత బాగా నచ్చిందీ ఇదే.

నేను సియాటెల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా ఆఫీసులో కాకినాడ నుంచి వచ్చిన సీనియర్ ఒకాయనకి 32 అడుగుల పాత సెయిల్‌బోట్ ఉంది. షిల్‌షోల్ బే మరీనాలో కట్టేసి ఉంటుంది. నేను ఆయన్ని అన్నా అంటాను. వీకెండ్ వస్తే ఆయన కెప్టెన్, నేను చెప్పిన తాడు లాగే ఇంటర్న్‌ని.

ఇక్కడి పుజెట్ సౌండ్‌లో ఎండాకాలం గాలి తరచుగా ఉత్తరం నుంచి, అదీ మెల్లగా వీస్తుంది. ఉత్తరానికి వెళ్లి సియాటెల్‌కి తిరిగొచ్చేటప్పుడు గాలి సరిగ్గా వెనక నుంచి వస్తుంది. గాలివాటం కదా, హాయిగా ఉంటుంది అనుకుంటాం. కానీ మామూలు ముందు తెరచాప, పెద్ద తెరచాప నీడలో పడి, టపటపా కొట్టుకుంటూ వేలాడుతుంది. అప్పుడు పనికొచ్చేదే స్పినాకర్: పల్చటి నైలాన్‌తో చేసిన చాలా పెద్ద తెరచాప. అన్న పడవకి ఉన్నది సుమారు 70 చదరపు మీటర్లు. పెళ్లి షామియానా ఒకటి పడవ ముక్కుకి కట్టి ఎగరేశామనుకోండి.

ఎగరేయడం తేలికే. దించడమే కష్టం. పాత పద్ధతిలో పైనుంచి కిందికి లాగే పొడవాటి గుడ్డ తొడుగు ఉంటుంది, దాన్ని సాక్ అంటారు. దానికోసం ఒకరు ఊగే పడవ ముందు భాగానికి వెళ్లి నిలబడాలి. పడవలో ఉండేదే ఇద్దరం. అందుకే అన్న టాప్-డౌన్ ఫర్లర్ కొన్నాడు. ఈ రకంలో హార్కెన్ వాళ్ల రిఫ్లెక్స్, సెల్డెన్ జీఎక్స్, ప్రోఫర్ల్ స్పినెక్స్ లాంటివి దొరుకుతాయి.

లోపల జరిగేది

పడవ ముక్కు దగ్గర డ్రమ్ ఉంటుంది. డ్రమ్ చుట్టూ తిరిగే తాడుకి చివర్లు ఉండవు, లూప్ అన్నమాట. మనం కూర్చునే చోటి నుంచే లాగొచ్చు. డ్రమ్ నుంచి పైన మాస్ట్ దాకా మెలి తిరగని ప్రత్యేకమైన తాడు ఒకటి వెళ్తుంది, దాన్ని టార్క్ రోప్ అంటారు. తెరచాప పైమూల ఈ తాడు పై కొసన ఉన్న స్వివెల్‌కి బిగిస్తాం. కింది మూల మాత్రం డ్రమ్ మీద ఫ్రీగా తిరిగే ఇంకో స్వివెల్‌కి. అసలు తెలివంతా ఇక్కడే ఉంది. డ్రమ్ తిప్పితే కింది మూల కదలదు. ఆ మెలిక టార్క్ రోప్ ద్వారా పైకి పాకి, ముందు పైమూలని తిప్పుతుంది. జడ అల్లినట్టు చుట్ట పైనుంచి కిందికి వస్తుంది.

కోడ్ జీరో అనే ఇంకో తెరచాపకి కిందినుంచి చుట్టే ఫర్లర్ వాడతారు. దాని ముందు అంచు బిగుతుగా ఉంటుంది కాబట్టి అది కుదురుతుంది. స్పినాకర్ ముందు అంచు పొట్టలా ఉబ్బి ఉంటుంది. దాన్ని కిందినుంచి చుడితే పైభాగం విచ్చుకునే ఉండిపోతుంది. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లు ఈ ఒక్కటీ చూసుకోండి. రెండు డ్రమ్ములూ ఫొటోలో ఒకేలా కనిపిస్తాయి.

ఇంకోటి. మామూలు ముందు తెరచాప ఫర్లర్ వాల్యూమ్ స్లయిడర్ లాంటిది, సగం చుట్టి సగం వాడుకోవచ్చు. ఇది బూలియన్. పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా చుట్టాలి.

సెటప్‌కి మాకు ఒక శనివారం మొత్తం పట్టింది. గాలి లేని పొద్దున చూసుకుని, డాక్ మీద రెండు గుంజల మధ్య టార్క్ రోప్‌ని బిగించి, గుడ్డని పక్కన పరిచి, డ్రమ్‌ని చేత్తో తిప్పుతూ మొదటి చుట్ట చుట్టాం. ఫర్లర్ పక్కనున్న ఫోర్‌స్టే తీగకి తగలకుండా పడవ ముందు చిన్న బౌస్ప్రిట్ బిగించాల్సి వచ్చింది. డబ్బులన్నీ ఇలాంటి చోటే అయిపోతాయి. ఫోన్ కొన్నాక కేసు, స్క్రీన్ గార్డు అని ఖర్చవుతుంది చూడండి, అలాగే, కాకపోతే బిల్లు పక్కన ఒక సున్నా ఎక్కువ.

ఆ ఆదివారం

పోర్ట్ టౌన్‌సెండ్ నుంచి వెనక్కి వస్తున్నాం. పాయింట్ నో పాయింట్ దాటాక గాలి 8 నాట్లు. షీట్ లాగగానే చుట్ట గిర్రున విచ్చుకుని, రంగుల గుడ్డ ఒక్కసారిగా ఉబ్బింది. (తాడుని షీట్ అంటారేంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.) పడవ 5 నాట్లతో పోతోంది. టీషర్టుల్లో కూర్చుని పులిహోర తింటున్నాం.

ఇక్కడే మోసపోయాం. గాలి వెనక నుంచి వస్తున్నప్పుడు మన ఒంటికి తెలిసేది అసలు గాలిలోంచి పడవ వేగం తీసేయగా మిగిలింది. గాలి 14 నాట్లకి పెరిగింది, పడవ 7 నాట్లకి పెరిగింది, మాకు తెలిసింది 7 నాట్లే. గాలి వేగం రెట్టింపైతే తోసే బలం నాలుగు రెట్లవుతుంది. పొరపాటున పడవ పక్కకి తిరిగితే ఆ నాలుగు రెట్లూ ఒక్కసారిగా మీద పడతాయి. అన్న వెనక్కి తిరిగి నీళ్లు చూశాడు. అలల మీద తెల్ల నురుగు. ముందు ఎడ్మండ్స్, కింగ్‌స్టన్ మధ్య ఫెర్రీ తిరిగే దారి. ఎడ్మండ్స్ నుంచి ఫెర్రీ అప్పుడే బయల్దేరింది.

"తమ్ముడూ, చుట్టేద్దాం."

లాగాను. డ్రమ్ తిరిగింది, పైన ఏమీ కదల్లేదు. ఇంకా లాగాను. టార్క్ రోప్ పాత ల్యాండ్‌లైన్ ఫోన్ వైరులా మెలికలు పడింది. కింద ముడులు, పైన షామియానా అలాగే ఉబ్బి ఉంది. గాలి మమ్మల్ని ఫెర్రీ దారి వైపే తోస్తోంది.

అన్న అరవలేదు. పైకి చూసి, "లాగడం ఆపు. హాలియర్డ్ వదులైంది" అన్నాడు. హాలియర్డ్ అంటే తెరచాపని పైకెత్తి పట్టుకునే తాడు. దాన్ని పట్టి ఉంచే క్లచ్ దగ్గర జానెడు జారిపోయింది. పైనుంచి కిందికి లైను బిగుతుగా లేకపోతే టార్క్ పైదాకా వెళ్లదు, దారిలోనే మెలికలైపోతుంది. పొద్దున బిగించాం, తెరిచే ముందు మళ్లీ చూడలేదు. తప్పు ఫర్లర్‌ది కాదు, మాదే.

మెలికలు పోయేదాకా డ్రమ్ వెనక్కి తిప్పాను. అన్న పడవని ఇంకాస్త గాలివాటానికి తిప్పి, స్పినాకర్‌ని పెద్ద తెరచాప నీడలోకి తెచ్చాడు. గుడ్డ చప్పబడింది. నేను వించ్ మీద హాలియర్డ్‌ని ఒళ్లంతా బలం పెట్టి బిగించాను. మళ్లీ లాగడం మొదలుపెడితే మొదటి నాలుగైదు లాగుళ్లకి ఏమీ జరగలేదు. గుండె జారిపోయింది. తాడులో ముందు కొంత మెలిక నిండితేనే పైన స్వివెల్ కదులుతుందని నాకప్పుడు తెలీదు. ఆరోసారి పైన చుట్టు పడింది. తర్వాత చకచకా కిందికి దిగింది. ఫెర్రీ మాకు బాగా దూరంలోనే దాటింది. నా చేతులు మాత్రం చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి.

ఇప్పుడు మేం ఎలా వాడుతున్నాం

తెరిచే ముందు, చుట్టే ముందు, రెండుసార్లూ హాలియర్డ్ చూస్తాం. క్లచ్‌ని నమ్మకుండా వించ్ మీదే ఉంచుతున్నాం. చుట్టేటప్పుడు షీట్‌ని పూర్తిగా వదిలేయకుండా కొంచెం బిగువుగా జారనిస్తాం, లేదంటే చుట్ట లూజుగా వస్తుంది. మరీ బిగబడితే డ్రమ్ తిరగదు. ఈ లెక్క చేతికి అలవాటవ్వాల్సిందే. దిశ మార్చాలంటే తెరిచి ఉన్న గుడ్డని అటు నుంచి ఇటు తెచ్చే సాహసం మానేశాం. చుట్టేసి, పడవ తిప్పి, రెండో వైపు తెరుస్తాం.

అసలు గాలి ఎంతో ఒంటికి తెలియదు కాబట్టి ఆ పని రాస్‌బెర్రీ పైకి అప్పగించాను. మాస్ట్ మీది విండ్ సెన్సర్ రీడింగ్, పడవ వేగం రెండూ సిగ్నల్ కేలోకి వెళ్తాయి. అది అసలు గాలి లెక్కగట్టి, 12 నాట్లు దాటితే నా ఫోన్ మోగిస్తుంది. మోగితే వాదన లేదు, చుట్టేయడమే. అన్న మొదట్లో నవ్వాడు, ఇప్పుడు బయల్దేరే ముందు "నీ డబ్బా ఆన్ చేశావా?" అని ఆయనే అడుగుతున్నాడు.

చుట్టిన స్పినాకర్‌ని అలా పైనే వదిలేయకండి. గట్టి గాలికి పైభాగం కొంచెం విచ్చుకుంటే చాలు, మిగతాది గాలే లాగేసుకుంటుంది. చుట్టాక షీట్లు కూడా దానిమీద రెండు మూడు చుట్లు పడేదాకా డ్రమ్ తిప్పి, దించి, పాములా చుట్టి సంచిలో పెట్టేస్తాం.

మీ పడవ చిన్నది, ముందుకెళ్లి నిలబడే మనిషి ఉన్నాడు అంటే సాక్ చాలు, చవక కూడా. ఇద్దరే తిరిగేవాళ్లయితే ఫర్లర్ కొనండి. పోయిన వారం మేం అదే ఫెర్రీ దారికి రెండు మైళ్ల ముందే చుట్టేశాం. పులిహోర గిన్నె మూత కూడా అప్పటికి తీయలేదు.