ఎంఎస్110 ఎవరిని పట్టింది?

బీఆర్‌సీఏ1 అనే ప్రొటీన్ కణంలో ఎక్కడుంటుందన్న దాని మీద 1990ల మధ్యలో పెద్ద తగాదాయే నడిచింది. రొమ్ము, అండాశయ క్యాన్సర్లు కొన్ని కుటుంబాలను తరతరాలుగా వెంటాడటానికి కారణమైన జన్యువు 17వ క్రోమోజోము మీద ఉందని మేరీ-క్లెయిర్ కింగ్ 1990లో చూపింది. 1994లో మార్క్ స్కోల్నిక్ బృందం ఆ జన్యువును పట్టుకుంది. దాంతో అది తయారుచేయించే బీఆర్‌సీఏ1 ప్రొటీన్‌లో 1863 అమైనో ఆమ్లాలున్నాయని లెక్క తేలింది. అది ఉండే చోటు, చేసే పని మాత్రం తేలలేదు. కేంద్రకంలో ఉంటుందన్నారు కొందరు. మామూలు కణాల్లో కేంద్రకంలోనే గానీ క్యాన్సర్ కణాల్లో దాని బయట ఉంటుందన్నారు ఇంకొందరు. 1996లో ‘నేచర్ జెనెటిక్స్’లో వచ్చిన ఒక పత్రమైతే, ఇది కణం బయటికి స్రవించే గ్రానిన్ల జాతి ప్రొటీన్ అనేసింది.

ప్రొటీన్ నేరుగా కంటికి కనబడదు. దాన్ని వెతికి అతుక్కునే యాంటీబాడీని పంపి, ఆ యాంటీబాడీకి రంగో వెలుగో తగిలించి చూడాలి. యాంటీబాడీ మాత్రం ప్రొటీన్ మొత్తాన్ని చూసి గుర్తుపట్టదు. దాని మీద ఎక్కడో కొన్ని అమైనో ఆమ్లాల మేర ఉన్న ఆకారాన్ని పట్టుకుంటుంది. విజయవాడ బస్టాండులో నిలబడి ‘సుబ్బారావూ’ అని కేకేస్తే ఒక్కరే వెనక్కి తిరుగుతారా? ఆ రోజుల్లో చాలా ల్యాబుల్లో వాడిన సి-20 అనే యాంటీబాడీ విషయంలో జరిగింది ఇదే. బీఆర్‌సీఏ1 తోక కొసనున్న చిన్న ముక్కతో కుందేళ్లలో తయారుచేసిన యాంటీబాడీ అది. ప్రొటీన్లను బరువు ప్రకారం విడదీసే జెల్ మీద దానితో 190 కిలోడాల్టన్ల దగ్గర చక్కటి గీత కనిపించేది. అయితే అది ఈజీఎఫ్ఆర్‌కీ, హెర్2కీ కూడా అతుక్కుంటోందని 1996లోనే సిండీ విల్సన్, డెనిస్ స్లామన్‌లు తోటివారితో కలిసి బయటపెట్టారు. స్లామన్ హెర్2 మీద ఏళ్ల తరబడి పనిచేసినవాడు, ఆ గీతను చూసి ఆయనకు అనుమానం రావడం సహజమే. ఈ రెండూ కణం పొర మీద ఉండే ప్రొటీన్లు. మరి కేంద్రకం బయట ‘బీఆర్‌సీఏ1’ కనబడటంలో వింతేముంది!

బీఆర్‌సీఏ1ను పట్టే మరో యాంటీబాడీ ఎంఎస్110. ఇది పుట్టింది బోస్టన్‌లోని డానా-ఫార్బర్ సంస్థలో, డేవిడ్ లివింగ్‌స్టన్ ల్యాబులో. దీనికోసం ఎంచుకున్నది ప్రొటీన్ తలభాగం, మొదటి 304 అమైనో ఆమ్లాలు. తయారుచేసిన పద్ధతి కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్‌లు 1975లో కనిపెట్టిందే. ఎలుకకు ప్రొటీన్ ముక్క ఎక్కిస్తారు. యాంటీబాడీలు తయారుచేసే కణాలను దాని ప్లీహంలోంచి తీసి, ఆగకుండా పెరిగే మైలోమా క్యాన్సర్ కణాలతో కలిపేస్తారు. ఆ కలయికలో పుట్టిన కణాలను ఒక్కొక్కటిగా విడదీసి పెంచితే, ఒక్కో వంశం ఒకే రకం యాంటీబాడీని స్రవిస్తూ పోతుంది. కుందేలు సీరంలో రకరకాల యాంటీబాడీలు కలగలిసి ఉంటాయి, పైగా ఆ కుందేలు పోతే అచ్చం అలాంటి సీరం మళ్లీ దొరకదు. ఈ కణాల వంశాన్ని మాత్రం ద్రవ నైట్రోజన్‌లో దాచుకుని, కావలసినప్పుడు పెంచుకోవచ్చు.

అదే ల్యాబులోని రాల్ఫ్ స్కల్లీ తదితరులు 1996లో ‘సైన్స్’లో రాసిందాని ప్రకారం ఈ కొత్త యాంటీబాడీలు పట్టిన ప్రొటీన్ బరువు 220 కిలోడాల్టన్లు, అది కనబడిన చోటు కేంద్రకం, అదీ చుక్కలు చుక్కలుగా. మరుసటి ఏడాది ఆ చుక్కలే అసలు కథ చెప్పాయి. కణం డీఎన్ఏకి నకలు తీసుకునే దశలో అక్కడే ర్యాడ్51 అనే మరమ్మతు ప్రొటీన్ కూడా ఉంది. డీఎన్ఏను దెబ్బతీస్తే ఆ చుక్కలు చెదిరి, నకలు తీసే చోట్ల మళ్లీ గుమిగూడాయి. ఈ జన్యువు చెడితే క్యాన్సర్ ఎందుకొస్తుందన్న ప్రశ్నకు మైక్రోస్కోపు కింద దొరికిన మొదటి గట్టి ఆధారాల్లో ఇదొకటి. 1999లో విల్సన్ బృందం ఏకంగా 19 యాంటీబాడీలను పరీక్షించి, కేంద్రకంలోనే, చుక్కలుగానే అని తేల్చింది. వారసత్వంగా రాని రొమ్ము క్యాన్సర్లలో కూడా, ముదిరిన నాళ కణితులు చాలావాటిలో ఈ ప్రొటీన్ తగ్గిపోయిందనో, అసలు కనబడటం లేదనో గమనించింది.

ఉండే చోటు తేలింది, ఇక చేసే పని తేలాలి. యుబిక్విటిన్ సంగతి ఇక్కడే వస్తుంది. ఇది 76 అమైనో ఆమ్లాల బుల్లి ప్రొటీన్. దీన్ని ఇతర ప్రొటీన్లకు తగిలించి, వాటిని విరిచెయ్యాలనో ఇంకో పనికి మళ్లించాలనో కణం సంకేతమిస్తుంది. తగిలించే చివరి మెట్టు లైగేజ్ అనే ఎంజైముది. బీఆర్‌సీఏ1 తలలోని రింగ్ అనే భాగం తన జోడీ బార్డ్1తో కలిసి సరిగ్గా ఈ పనే చేస్తుందని 2001లో జపాన్ పరిశోధకులు చూపారు. 61వ స్థానంలోని సిస్టీన్ గ్లైసిన్‌గా మారితే ఆ పని ఆగిపోతుంది. కొన్ని కుటుంబాల్లో కనిపించే మార్పు అది.

యాంటీబాడీ చాలనిది కూడా ఇక్కడే. ఎంఎస్110 పట్టేది తలభాగాన్ని కాబట్టి, తోక తెగిన ప్రొటీన్ మిగిలి ఉన్నా స్లైడు మీద రంగు పడవచ్చు. ఒక్క అమైనో ఆమ్లం మారి లైగేజ్ పని పోయినా పడవచ్చు. ఆస్పత్రి నుంచి వచ్చే, ఫార్మలిన్‌లో నిల్వచేసిన కణితి ముక్కల్లో చిక్కు దీనికి తలకిందులు: ముక్కను సరిగ్గా నిల్వ చెయ్యకపోతే, ఉన్న ప్రొటీన్‌కి కూడా రంగు రాదు. అందుకే కణితి పక్కనున్న మామూలు నాళాల్లో గోధుమ రంగు పడిందో లేదో ముందు చూసుకోవాలి. అక్కడా లేకపోతే ఆ స్లైడుని పక్కన పెట్టెయ్యాల్సిందే. బీఆర్‌సీఏ జన్యువు చెడిన క్యాన్సర్ల మీద వాడే ఒలాపరిబ్ అనే మందుకు 2014లో అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు, అది ఏ అండాశయ క్యాన్సర్ రోగికి పనికొస్తుందో తేల్చడానికి జన్యు పరీక్షనే ఎంచుకున్నారు. రక్తం తీసి, బీఆర్‌సీఏ జన్యువుల అక్షరాలనే చదివే పరీక్ష అది.